కృష్ణాష్టమి పాదాలు వేయించాక మొదలైన టెన్షన్: మా బాబువి ఫ్లాట్ ఫీట్ (చదును పాదాలు) అంటున్నారు, ఏం చేయాలి?

చిన్నోడి అమ్మ | శనివారం రాత్రి 10:15

అందరికీ నమస్కారం. ఏటా కృష్ణాష్టమికి పిడికిలి అచ్చుతో కృష్ణపాదాలు వేస్తాను. ఈసారి మా బాబు పాదాలతోనే వేయిద్దామని పళ్లెంలో బియ్యప్పిండి నీళ్లు పోసి, వాణ్ణి అందులో నిలబెట్టి గుమ్మం నుంచి దేవుడి గది దాకా నడిపించాం. వచ్చే నెలకు వాడికి నాలుగేళ్లు నిండుతాయి. ఫోటోలు తీస్తుంటే మా ఆడపడుచు, "వదినా, వీడి పాదానికి మధ్యలో నొక్కే లేదేంటి?" అంది. అప్పుడు చూశాను. పిడికిలితో వేసిన పాదానికి మధ్యలో సన్నటి నడుం ఉంటుంది. మావాడి పాదం వేళ్ల నుంచి మడమ దాకా ఒకే వెడల్పులో, ఇటుకలా పడింది. రెండు పాదాలూ అంతే.

మర్నాడే మా ఊళ్లో ఒకచోట చూపించాం. ఒక మెషీన్ మీద నిలబెట్టి, ఎరుపు పసుపు రంగుల బొమ్మ తీసి, ఇప్పుడే స్పెషల్ బూట్లు వేయకపోతే పెద్దయ్యాక మోకాళ్లు, నడుము పాడవుతాయని చెప్పారు. జత 8,500 రూపాయలు. పాదం పెరిగేకొద్దీ ఆర్నెల్లకోసారి మార్చాలట. ఇంకా డబ్బు కట్టలేదు. వాడు బాగానే పరిగెత్తుతాడు, ఎక్కుతాడు, దూకుతాడు. నొప్పి అని ఎప్పుడూ అనలేదు. బజారుకు తీసుకెళితే కాసేపటికి ఎత్తుకోమంటాడు, అంతే. మావారి పాదాలూ ఇలాగే ఉంటాయట, నాకు ఇన్నాళ్లూ తెలియదు. మూడు రోజులుగా నిద్ర లేదు. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.


గచ్చునేల | శనివారం రాత్రి 10:52

మా పాపకు ఐదేళ్లు. స్నానం చేసి గచ్చు మీద నడిచినప్పుడు తడి అచ్చు చూస్తే తనకూ ఇంతే. కాకపోతే ఎడమ పాదమే ఇలా ఉంది, కుడిది కొంచెం నయం. పెద్దయితే సర్దుకుంటుందని మా అమ్మ అంది, మేమూ వదిలేశాం. మీరు కంగారు పడకండి.


పిక్కబలం | ఆదివారం ఉదయం 6:40

చిన్నోడి అమ్మ గారూ, నేను ఫిజియోథెరపిస్టును. 14 ఏళ్లుగా ఎక్కువగా పిల్లలనే చూస్తున్నాను. ముందు ఒక మాట. ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి. కారణం వివరంగా చెబుతాను, కాస్త పెద్ద పోస్టు అవుతుంది.

పుట్టిన పిల్లలందరి పాదాలూ చదునుగానే కనిపిస్తాయి. అరికాలిలో గుంట పడాల్సిన చోట పసిపిల్లలకు కొవ్వు మెత్త ఉంటుంది. పైగా ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్లు ఆ వయసులో వదులుగా ఉంటాయి, నిలబడగానే బరువుకు పాదం నేలకు అతుక్కుపోతుంది. వంపు మెల్లమెల్లగా తేలుతుంది. ఎక్కువమందిలో ఐదారేళ్లకు స్పష్టంగా కనిపిస్తుంది, పదేళ్ల దాకా ఏర్పడుతూనే ఉంటుంది. ఆస్ట్రియాలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 835 మందిని పరీక్షించి 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. మూడేళ్ల వాళ్లలో 54 శాతం మందికి పాదాలు చదునుగా ఉన్నాయి. ఆరేళ్ల వాళ్లలో అది 24 శాతానికి తగ్గింది. నిజంగా జబ్బు అనదగిన పాదాలు మొత్తం మీద ఒక శాతం కూడా లేవు. మగపిల్లల్లోను, బరువు ఎక్కువున్న పిల్లల్లోను ఇది ఎక్కువ కనిపించింది. అంటే మీ బాబు వయసులో సగం మందికి బియ్యప్పిండి అచ్చు అలాగే పడుతుంది.

అందుకే నిలబడినప్పుడు పాదం చదునుగా ఉందా అన్నది నేను పెద్దగా పట్టించుకోను. వంపు లోపల ఉండి బరువుకు అణుగుతోందా, లేక పాదమే బిగుసుకుపోయి ఉందా అన్నది చూస్తాను. ఇంట్లోనే చూడొచ్చు. బాబును గోడ దగ్గర నిలబెట్టి, చేతికి అందీ అందనంత ఎత్తులో వాడికి ఇష్టమైన బొమ్మ పట్టుకోండి. మునివేళ్ల మీద లేస్తాడు. అప్పుడు మీరు వెనక కూర్చుని మడమల స్థాయిలో చూడండి, వీలైతే వీడియో తీయండి. లేవగానే అరికాలిలో గుంట పడి, బయటికి ఒరిగిన మడమలు లోపలికి తిరిగితే పాదం మెత్తగా, ఆరోగ్యంగా ఉన్నట్టు. ఇంకొకటి, మామూలుగా నిలబడి ఉండగా కాలి బొటనవేలిని మీ చేత్తో పైకి ఎత్తండి. దానంతట అదే వంపు లేవాలి. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. బొటనవేలు పైకి వంగితే అది బిగుసుకుంటుంది. బావి గిలకకు చేంతాడు చుట్టుకుంటే బొక్కెన లేచినట్టు పాదం మధ్యభాగం పైకి లేస్తుంది.

మెషీన్ మీద రంగుల బొమ్మ చూపించేది నిలబడినప్పుడు బరువు ఎక్కడ పడుతోంది అన్నదే. మునివేళ్ల మీద లేస్తే ఏమవుతుందో అది చెప్పదు.

మీవారికీ అలాగే ఉన్నాయన్నారు కదా. వదులు కీళ్లు చాలా ఇళ్లల్లో వంశపారంపర్యంగా వస్తాయి. ఆయనకు నొప్పులు లేకపోతే మంచి సంగతే.


పాత బూట్లు | ఆదివారం ఉదయం 9:05

నా అనుభవం వేరు. 1984లో నాకు ఐదేళ్లప్పుడు లోపల ఎత్తు పెట్టిన తోలుబూట్లు వేయించారు. నాలుగేళ్లు వేసుకున్నాను. ఇప్పుడు నా పాదం చక్కగా వంపు తిరిగి ఉంటుంది. కాబట్టి బూట్లు పనిచేయవు అంటే నేను ఒప్పుకోను. డబ్బు పెట్టగలిగితే వేయించండి. నష్టం ఏముంది?


పిక్కబలం | ఆదివారం మధ్యాహ్నం 1:30

పాత బూట్లు గారూ, మీ పాదం బాగుపడిన మాట నిజమే. బూట్ల వల్లే బాగుపడిందా, ఐదు నుంచి తొమ్మిదేళ్ల మధ్య దానంతట అదే రావలసిన వంపు వచ్చిందా అన్నదే ప్రశ్న. ఒక్క మనిషిని చూసి అది తేల్చలేం. అమెరికాలో టెక్సాస్ డాక్టర్లు సరిగ్గా ఇదే పరీక్షించి 1989లో ఫలితాలు ఇచ్చారు. ఒకటి నుంచి ఆరేళ్ల పిల్లలను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏమీ ఇవ్వలేదు, ఒక గుంపుకు ఆర్థోపెడిక్ బూట్లు, మిగతా రెండింటికి బూటు లోపల పెట్టే రెండు రకాల ఇన్‌సోల్స్. మూడేళ్లు చూశారు. చివరిదాకా ఉన్నవాళ్లు 98 మంది. అన్ని గుంపుల్లోనూ వంపు మెరుగైంది, ఏమీ వేసుకోని గుంపులో కూడా అంతే మెరుగైంది. ఎక్స్‌రేల్లో తేడా కనిపించలేదు.

ఇన్‌సోల్స్ అసలు పనికిరావని నేను అనడం లేదు. పెద్ద పిల్లల్లో నడిస్తే నొప్పి, సాయంత్రానికి పిక్కలు లాగడం, ఒక పక్కే అరిగిన బూట్లు ఉన్నప్పుడు నేనే రాయిస్తాను. అవి నొప్పి తగ్గిస్తాయి, కొత్తగా వంపు పుట్టించవు. నొప్పి లేని నాలుగేళ్ల పిల్లాడికి అవి దేనికి?

ఇక నష్టం సంగతి. మన దేశంలోనే మణిపాల్ డాక్టర్లు ఇద్దరు నాలుగు నుంచి పదమూడేళ్ల పిల్లలు 2,300 మంది పాదాల అచ్చులు తీసి 1992లో ప్రచురించారు. బూట్లు, చెప్పులు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి ఫ్లాట్ ఫీట్ ఉంటే, వట్టికాళ్లతో తిరిగే పిల్లల్లో 2.8 శాతమే. ముందు మూసుకుపోయిన బూట్లు వేసుకునేవాళ్లలో ఎక్కువ, చెప్పులు వేసుకునేవాళ్లలో తక్కువ. బూట్లే కారణమని దీంతో పూర్తిగా తేలిపోదు, ఆ పిల్లల బతుకుల్లో వేరే తేడాలూ ఉంటాయి కదా. కానీ పాదం చుట్టూ గట్టి బూటు బిగిస్తే వంపు వస్తుందనే నమ్మకానికి ఇది ఏ మాత్రం బలం ఇవ్వదు. మన దగ్గర నర్సరీ నుంచే రోజంతా నల్ల బూట్లు, నైలాన్ సాక్సు. నాకు నిజంగా బాధనిపించేది అదే.


పాత బూట్లు | ఆదివారం రాత్రి 8:20

లెక్కలు చెప్పినందుకు థాంక్స్ అండి. ఏమీ వేసుకోని గుంపు సంగతి నాకు తెలియదు. నష్టం ఏముంది అన్నాను కదా, మధ్యాహ్నం నుంచీ ఆలోచిస్తున్నాను. ఆటల పీరియడ్‌లో అందరూ కబడ్డీ ఆడుతుంటే నేను ఒక్కణ్ణే గట్టు మీద కూర్చునేవాణ్ణి. బూట్లు విప్పకూడదని ఇంట్లో గట్టిగా చెప్పి పంపేవారు. నాలుగేళ్లు అలాగే గడిచింది. మా నాన్న అప్పు చేసి కొన్నారు, ప్రేమతోనే. చిన్నోడి అమ్మ గారూ, నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నాను.


చిన్నోడి అమ్మ | ఆదివారం రాత్రి 9:45

పిక్కబలం గారూ, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. చాక్లెట్ పైన పట్టుకుని వీడియో తీశాను. మునివేళ్ల మీద లేవగానే అరికాలిలో గుంట పడింది! రెండు కాళ్లకూ. మడమలు కూడా మీరు చెప్పినట్టే లోపలికి తిరిగాయి. మావారిని కూడా నిలబెట్టి చూశాను, ఆయనకూ వచ్చింది.

రెండు సందేహాలు. వీడు నేల మీద కూర్చుంటే కాళ్లు రెండు పక్కలకూ వెనక్కి మడిచి కూర్చుంటాడు. దాని వల్ల ఇలా అయిందా? రెండోది, మా అత్తగారు రోజూ నూనె రాసి అరికాలి మధ్యలో బొటనవేలితో నొక్కి గుంట పెట్టాలంటున్నారు. చేయొచ్చా?


పిక్కబలం | సోమవారం ఉదయం 6:15

అలా కూర్చోవడం కీళ్లు వదులుగా ఉన్న పిల్లలకు హాయిగా ఉంటుంది. పాదానికీ ఆ కూర్చోవడానికీ మూలం ఒకటే, వదులు కీళ్లు. తిట్టకండి, అప్పుడప్పుడు సకలంముకలం వేసి కూర్చోమనండి చాలు. నూనె మర్దనా చేయండి, బిడ్డకు హాయి, పెద్దావిడకు తృప్తి. నొక్కితే గుంట పడదు, గట్టిగా మాత్రం నొక్కవద్దు.

ఒకటి చూడటం మరిచిపోవద్దు, మడమ వెనక నరం. అదే పిక్కను మడమకు కలిపే టెండన్. అది పొట్టిగా బిగుసుకుని ఉంటే చదును పాదం నొప్పి పెడుతుంది. కెనడా సైన్యంలో 3,600 మందికి పైగా సైనికుల పాదాలు పరీక్షించి 1947లో రాసిన నివేదికలోనే ఈ తేడా చెప్పారు. మెత్తటి చదును పాదం పనికి అడ్డం కాదు, దానికి బిగుసుకున్న మడమ నరం తోడైతేనే బాధ. పిల్లాణ్ణి మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోమనండి. వెనక్కి పడిపోతుంటే, మడమలు లేస్తుంటే ఆ నరం బిగువుగా ఉందేమో చూపించాలి. అయితే కొందరు పిల్లలు పాదాన్ని ఇంకా చదును చేసేసి కూర్చోగలుగుతారు. అందుకని డౌటు ఉంటే మనిషి చేత్తో పట్టి చూడాల్సిందే.

గచ్చునేల గారూ, మీ పోస్టు ఇప్పుడు మళ్లీ చదివాను. ఒక పాదమే చదునుగా ఉందన్నారు. దాన్ని వదిలేయకండి. రెండు పాదాలూ ఒకేలా ఉంటే మామూలుగా నాకు భయం ఉండదు. ఒకటే అయితే డాక్టరు చూడాలి.


కొడుకు కోసం | సోమవారం రాత్రి 11:10

ఇక్కడ అందరూ చిన్నపిల్లల గురించి ధైర్యం చెబుతున్నారు, మంచిదే. కానీ పెద్ద పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా చదువుతుంటే మా సంగతి తెలియాలని రాస్తున్నాను.

మావాడికి పదకొండేళ్లు నిండాక కుడికాలు మాటిమాటికీ మెలికపడేది. క్రికెట్ ఆడి వస్తే చీలమండ కింద, బయటివైపు నొప్పి. రోడ్డు మీద బాగానే నడిచేవాడు. పొలం గట్ల మీద, ఇసుకలో, రాళ్లలో నడవలేకపోయేవాడు. మొదట బెణుకు అన్నారు, క్రేప్ బ్యాండేజీ కట్టాం. మూడోసారికి ఫ్లాట్ ఫుట్ అన్నారు, ఇన్‌సోల్ పెట్టారు. పెడితే నొప్పి ఇంకా ఎక్కువైంది. చదువు ఎగ్గొట్టడానికి నాటకాలు ఆడుతున్నాడని నేను వాణ్ణి తిట్టాను. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఏడాదిన్నర తర్వాత ఒక పిల్లల ఎముకల డాక్టరు వాణ్ణి మునివేళ్ల మీద నిలబడమన్నారు. ఎడమ కాలికి వంపు వచ్చింది, కుడికాలికి రాలేదు. మడమ తిరగలేదు. ఆయన మడమను చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదిపితే అది కదలనే లేదు, కొయ్యలా ఉంది. పాదాన్ని ఏటవాలుగా పెట్టి ఎక్స్‌రే తీయించారు, తర్వాత సీటీ స్కాన్. పేరు టార్సల్ కోయలిషన్. విడివిడిగా కదలాల్సిన రెండు ఎముకల మధ్య పుట్టుకతోనే ఒక వంతెన ఉంటుందట. చిన్నప్పుడు అది మెత్తగా ఉండి తెలియదు. ఎనిమిది నుంచి పదహారేళ్ల మధ్య గట్టిపడుతూ ఉంటే కీలు బిగుసుకుని నొప్పి మొదలవుతుంది. చాలామందికి రెండో కాలికి కూడా ఉంటుందని అదీ చూశారు. మావాడికి ఒక్కటే.

ముందు ఆరు వారాలు పిండికట్టు. నొప్పి పోయింది, కట్టు తీసి ఆటలు మొదలుపెట్టగానే మళ్లీ వచ్చింది. అప్పుడు ఆపరేషన్ చేసి ఆ వంతెనను తీసేసి, మళ్లీ అతుక్కోకుండా మధ్యలో కొవ్వు పెట్టారు. ఆరు నెలలకు పరిగెత్తాడు. ఇప్పుడు పదిహేనేళ్లు, స్కూల్లో వాలీబాల్ ఆడుతున్నాడు. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, కట్టుతోనే తగ్గేవాళ్లూ ఉంటారు. నేను చెప్పేది ఒకటే. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు మళ్లీ మళ్లీ కాలు మెలికపడిందంటే నమ్మండి, వెనక నుంచి మడమ చూడండి.


చిన్నోడి అమ్మ | సోమవారం రాత్రి 11:40

అన్నయ్యా, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. బాబు ఇప్పుడు ఆడుతున్నాడు కదా, మీరు బాధపడకండి.


పరుగు 1600 | మంగళవారం ఉదయం 5:50

అన్నలకు, అక్కలకు నమస్కారం. నాకు 19 ఏళ్లు, మాది శ్రీకాకుళం వైపు. అగ్నివీర్‌కు ప్రాక్టీస్ చేస్తున్నాను. 1.6 కిలోమీటర్ల పరుగు ఇబ్బంది లేదు. కానీ మా అకాడమీలో అందరి పాదాలూ తడిపించి సిమెంటు మీద అచ్చు చూసి నన్ను పక్కన నిలబెట్టారు, ఫ్లాట్ ఫుట్ కాబట్టి మెడికల్‌లో పోతావన్నారు. పోలీసు నోటిఫికేషన్‌లో కూడా నాక్ నీస్, వేరికోస్ వీన్స్‌తో పాటు ఫ్లాట్ ఫుట్ రాస్తారు. రోజూ సీసా మీద అరికాలు దొర్లించమన్నారు, రెండు నెలలుగా చేస్తున్నాను. అచ్చు మారలేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.


మాజీ హవల్దార్ | మంగళవారం రాత్రి 7:30

తమ్ముడూ, నేను సైన్యంలో 17 ఏళ్లు పనిచేసి వచ్చాను. సైన్యం మెడికల్‌లో అచ్చు ఒక్కటే చూసి పంపేయరు. నిలబడినప్పుడు చదునుగా ఉన్నా, మునివేళ్ల మీద నిలబడితే వంపు తిరిగి రావాలి. మునివేళ్ల మీద గెంతాలి, పరిగెత్తాలి. పాదం మెత్తగా కదలాలి, నొప్పి ఉండకూడదు. ఇవన్నీ ఉంటే ఫిట్ అని వాళ్ల వైద్య ప్రమాణాల్లోనే ఉంది. బిగుసుకుపోయిన పాదం, మడమ బయటికి ఒరిగిపోయి మునివేళ్ల మీద నిలవలేని పాదం అయితే తీసుకోరు. మొదటి పరీక్షలో అన్‌ఫిట్ అన్నా మిలిటరీ ఆసుపత్రిలో స్పెషలిస్టు దగ్గర రివ్యూ అడగొచ్చు, ఆ కాగితం జాగ్రత్తగా తీసుకో. పోలీసు ఉద్యోగానికి నిబంధనలు వేరే, ఆ నోటిఫికేషన్ విడిగా చదువు.

సీసా దొర్లించడం అరికాలికి హాయిగా ఉంటుంది గానీ దానితో అచ్చు మారదు. నువ్వు చేయాల్సింది మునివేళ్ల మీద లేచి దిగడం. ముందు రెండు కాళ్లతో, తర్వాత ఒక్కో కాలితో. స్కిప్పింగ్ చెయ్యి. పరుగు తర్వాత గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయి. ఇంట్లో చెప్పు, మనసు తేలికపడుతుంది.


తరంగం | మంగళవారం రాత్రి 9:00

కూచిపూడి నేర్పుతాను. చదును పాదాలున్న అమ్మాయిలను నాట్యానికి వద్దని వెనక్కి పంపే గురువులు ఉన్నారు. నా దగ్గర ఒకమ్మాయికి ఏడేళ్లప్పుడు పాదం పూర్తిగా నేలకు ఆనేది. పదేళ్లు నేర్చుకుంది, ఇప్పుడు ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తరంగం చేస్తోంది. పాదం ఇప్పటికీ కొంత చదునే. పిక్కలు, చీలమండలు గట్టిపడ్డాయి, అదే కావలసింది. నాపరాళ్ల నేల మీద గంటలకొద్దీ తట్టించకుండా చూసుకున్నాను.


సుద్దముక్క | బుధవారం సాయంత్రం 6:25

పిల్లల మధ్యలో పెద్దవాళ్ల సంగతి రాయొచ్చా? నాకు 51 ఏళ్లు. టీచర్‌ని, రోజుకు ఐదు గంటలు నిలబడే పని. బరువు కాస్త ఎక్కువ, బీపీ ఉంది. నా పాదాలు చిన్నప్పటి నుంచీ చక్కగా వంపుతో ఉండేవి. మూడేళ్ల క్రితం ఎడమ చీలమండకు లోపలివైపు, ఎముక వెనకాల వాపు, నొప్పి. బెణుకు అనుకుని నొప్పి నూనెలు రాసుకున్నాను. తర్వాత ఎడమకాలి చెప్పు లోపలివైపు అరిగిపోవడం మొదలైంది. ఒకరోజు మా అమ్మాయి వెనక నుంచి చూసి, "అమ్మా, నీ ఎడమకాలికి మూడు వేళ్లు బయటికి కనబడుతున్నాయి, కుడికాలికి చిటికెన వేలు ఒక్కటే కనబడుతోంది" అంది.

ఎముకల డాక్టరు ఒక్క ఎడమకాలి మీద నిలబడి మడమ ఎత్తమన్నారు. ఎంత ప్రయత్నించినా మడమ నేల వదల్లేదు. పిక్క నుంచి దిగి చీలమండ లోపలివైపుగా పాదం కిందికి వెళ్లే ఒక టెండన్ ఉంటుందట, అదే వంపును ఎత్తి పట్టుకునేది. నాకు అది సాగి దెబ్బతింది. మధ్యవయసు ఆడవాళ్లలో, బరువు, షుగర్, బీపీ ఉన్నవాళ్లలో ఎక్కువగా వస్తుందని చెప్పారు. పాదం ఇంకా మెత్తగానే ఉంది కాబట్టి ఆరు వారాలు మోకాలి కింద దాకా ఉండే బూటు వేశారు, తర్వాత ఇన్‌సోల్, ఫిజియో. ఇప్పుడు రెండు చేతులూ బల్ల మీద ఆనించి ఆ మడమ రెండంగుళాలు ఎత్తగలుగుతున్నాను. ఇంకా ఆలస్యం చేసి ఉంటే టెండన్ మార్చి, మడమ ఎముక కోసి జరపాల్సి వచ్చేదన్నారు. పూర్తిగా బిగుసుకుపోతే కీళ్లు అతికించడమే.

పుట్టుకతో చదునుగా ఉన్న పాదం వేరు, యాభై ఏళ్లకు కొత్తగా కూలుతున్న పాదం వేరు. నాకు ఈ తేడా తెలియక రెండేళ్లు పోయాయి.


పిక్కబలం | బుధవారం రాత్రి 9:10

సుద్దముక్క గారు చెప్పింది పెద్దవాళ్లందరూ చదవాలి. మడమ కింద ఉదయం లేవగానే పొడిచే నొప్పి వేరే సమస్య, అది అరికాలి పట్టీది. సుద్దముక్క గారికి వచ్చిన నొప్పి చీలమండ లోపలివైపు ఉంటుంది. రెండింటికీ ఒకే మందు వాడుతూ కూర్చునేవాళ్లు చాలామంది వస్తుంటారు.


నాన్న కోసం | గురువారం రాత్రి 12:30

ఇది రాయాలా వద్దా అనుకుంటూ రెండు రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. మా నాన్నగారికి 62 ఏళ్లు, 18 ఏళ్లుగా షుగర్. అరికాళ్లలో స్పర్శ ఎప్పుడో తగ్గింది. చెప్పు జారిపోయినా తెలియకుండా నడిచేవారు. నిరుడు కుడిపాదం ఎర్రగా వాచింది, ముట్టుకుంటే వేడి. నొప్పి మాత్రం పెద్దగా లేదన్నారు. పుండు లేదు, జ్వరం లేదు. ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ ఇచ్చారు. ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదన్నారు. నొప్పి లేదు కదా అని మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి తిరుమల వెళ్లారు. నేనే తోడు వెళ్లాను.

తిరిగొచ్చిన పది రోజులకు పాదం మధ్యలో కిందికి దిగిపోయింది. ఇప్పుడు అరికాలు పడవ అడుగులా కిందికి ఉబ్బి ఉంటుంది. దాన్ని షార్కో ఫుట్ అంటారు. స్పర్శ లేని పాదంలో ఎముకలు నొప్పి తెలియకుండానే విరిగి, కీళ్లు తప్పుతాయి. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, అప్పుడే గుర్తుపట్టి బరువు మోపకుండా ఆపితే వంపు నిలుస్తుంది. మాకు ఆలస్యమైంది. ఐదు నెలలు మోకాలి దాకా కట్టు వేశారు, వారం పది రోజులకోసారి విప్పి మళ్లీ వేసేవారు. రెండు పాదాల వేడి ఒకేలా అయ్యేదాకా కట్టు తీయలేదు. ఇప్పుడు కొలత తీసి చేయించిన ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులతో ఇంట్లో నడుస్తున్నారు. రోజూ రాత్రి ఆయన అరికాళ్లు నేను టార్చ్ వేసి చూస్తాను.

షుగర్ ఉన్న పెద్దవాళ్ల ఒక పాదం వేడిగా వాచి ఉంటే, నొప్పి లేకపోయినా ఆ రోజే నడక ఆపించండి, ఆ రోజే చూపించండి. ఇంటి పనులకు కూడా నడవనివ్వకండి.


సుద్దముక్క | గురువారం ఉదయం 7:00

బాబూ, నాన్నగారికి రోజూ అలా చూస్తున్నావు, చల్లగా ఉండు. నాకూ షుగర్ బోర్డర్‌లో ఉంది. ఈ రోజు నుంచి నా పాదాలు కూడా చేత్తో తడిమి చూసుకుంటాను.


పరుగు 1600 | శుక్రవారం రాత్రి 8:15

హవల్దార్ అన్నా, మునివేళ్ల మీద వంపు వస్తోంది, గెంతగలుగుతున్నాను. నొప్పి లేదు. నాన్నకు చెప్పాను. ఏమీ అనలేదు, రేపటి నుంచి తనూ గ్రౌండ్‌కు వస్తానన్నాడు.


చిన్నోడి అమ్మ | తర్వాతి సోమవారం రాత్రి 9:30

ఈ రోజు పిల్లల ఎముకల డాక్టరుకు చూపించాం. ఆయన వీణ్ణి వట్టికాళ్లతో వరండాలో నడిపించారు, పరిగెత్తించారు, గొంతుక్కూర్చోమన్నారు, మునివేళ్ల మీద నిలబెట్టారు. మడమలను చేత్తో కదిపి చూశారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఎక్స్‌రే అక్కర్లేదు, బూట్లు అక్కర్లేదు అన్నారు. నొప్పి అన్నా, ఒక పాదం రెండోదానికంటే వేరుగా కనిపించినా తీసుకురమ్మన్నారు, లేకపోతే ఏడాది తర్వాత ఒకసారి చాలన్నారు. ఎత్తుకోమనడం గురించి అడిగితే ఆ వయసు పిల్లలు అలిసిపోయినా, అలగాలన్నా అదే అడుగుతారని నవ్వారు.

స్కూల్లో మాట్లాడాను. బూట్ల బదులు వెనక పట్టీ ఉన్న మెత్తటి శాండల్స్‌కు ఒప్పుకున్నారు. ఇంట్లో వట్టికాళ్లే. సాయంత్రం పార్కులో పిల్లలు ఆడుకునే ఇసుకలో వదులుతున్నాం. మా అత్తగారి నూనె మర్దనా కూడా సాగుతోంది. ఒక తెల్లకాగితం మీద వీడి రెండు పాదాల అచ్చులూ తీసి, తారీఖు వేసి టీకాల కార్డులో పెట్టాను. పక్క కాగితం మీద మావారివీ తీశాను. అచ్చం ఒకేలా ఉన్నాయి.

గచ్చునేల గారూ, మీ పాప సంగతి ఏమైంది? అప్పటి నుంచి మీరు రాయలేదు.


గచ్చునేల | తర్వాతి సోమవారం రాత్రి 10:05

వీడియో తీశాం అండి. కుడికాలికి వంపు వస్తోంది, ఎడమకాలికి సరిగా రావడం లేదు. గురువారం పొద్దున అపాయింట్‌మెంట్ దొరికింది. చూపించి వచ్చి ఇక్కడే రాస్తాను.